జవాబులన్నీ కంఠతా వచ్చు, ప్రశ్న మారితే మాత్రం చేయి ఆగిపోతోంది

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని ఒక పల్లె. పదో తరగతి వరకు ఊరి బడిలో తెలుగు మాధ్యమంలో చదివాను. ఇంటర్ బైపీసీ పూర్తిచేసి ఈ ఏడాది బీఎస్సీ నర్సింగ్‌లో చేరాను. అనాటమీ, ఫిజియాలజీ కోసం రోజూ అర్ధరాత్రి దాకా కూర్చుంటున్నాను. సీనియర్లు ఇచ్చిన ప్రశ్నల పుస్తకంలోని జవాబులన్నీ కంఠతా పట్టాను. ‘గుండె నిర్మాణం వివరించండి’ అంటే నాలుగు పేజీలు రాయగలను. కానీ ఇంటర్నల్ పరీక్షలో ‘గుండె ఎడమ భాగం బలహీనపడితే నీరు ముందు ఎక్కడ చేరుతుంది, ఎందుకు?’ అని అడిగితే కాళ్లలో అని రాశాను. సున్నా మార్కులు వేశారు. అంకెలైతే అసలు గుర్తుండవు. మా మేనమామ డయాలసిస్ చేయించుకుంటున్నారు. ‘చెడిపోయింది కిడ్నీలు కదా, ఒంట్లో రక్తం ఎందుకు తగ్గుతోంది?’ అని అత్తయ్య అడిగితే చెప్పలేకపోయాను. ఈ చదువు నాకు సరిపడదేమో అనిపిస్తోంది. మానేసి డిగ్రీలో చేరమంటారా?
– ఒక విద్యార్థిని, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, మానేయవద్దు. నాలుగు పేజీలు తప్పు లేకుండా గుర్తుపెట్టుకోగలిగిన అమ్మాయికి జ్ఞాపకశక్తి లోపం లేదు. నువ్వు చదువుతున్న ప్రశ్నల్లోనే లోపం ఉంది. నర్సింగ్ విద్యార్థులకు ఈ రెండు సబ్జెక్టులే చాలా ఏళ్లు చెప్పాను. నీలాంటి ఉత్తరం రాయగలిగిన వాళ్లు ఏడాది తిరిగేసరికి తరగతిలో ముందు వరుసకు రావడం చూశాను. అందుకే ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను.

నీ దగ్గరున్న ప్రశ్నల పుస్తకం ఒకసారి తెరిచి చూడు. దాదాపు ప్రతి ప్రశ్నా ‘వివరించండి’, ‘వ్రాయండి’, ‘పేర్కొనండి’ అంటూ ముగుస్తుంది. అవన్నీ ఏముందో చెప్పమనే ప్రశ్నలు. వార్డులో నిన్ను ఎవరూ అలా అడగరు. అక్కడ ఎదురయ్యేది వేరు: ఇది పని చేయకపోతే తర్వాత ఏం జరుగుతుంది, దాని తర్వాత ఏమవుతుంది, రోగిలో అది నా కంటికి ఎలా కనిపిస్తుంది? నిన్ను ఇంటర్నల్‌లో తడబడేలా చేసింది ఈ జాతి ప్రశ్నే. దాన్ని అడిగిన లెక్చరర్ మంచి లెక్చరర్. ఆమెను వదులుకోకు.

ఆ ప్రశ్న దగ్గరే మొదలుపెడదాం. పుస్తకం మూసేసి, తెల్లకాగితం తీసుకుని రక్తం వెళ్లే దారిని బాణాలతో గీయి. ఒంటి నుంచి వచ్చిన చెడు రక్తం కుడి కర్ణికలోకి, అక్కడి నుంచి కుడి జఠరికలోకి, పుపుస ధమని గుండా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. అక్కడ ఆక్సిజన్ ఎక్కించుకుని, పుపుస సిరల గుండా ఎడమ కర్ణికలోకి, ఎడమ జఠరికలోకి వచ్చి, బృహద్ధమని గుండా ఒళ్లంతా తిరుగుతుంది. ఇది నీకు తెలుసు. బడిలోనే చదివావు. ఇప్పుడు ఎడమ జఠరిక మీద ఇంటూ గుర్తు పెట్టు. అది సరిగా నెట్టలేకపోతోంది. మరి దాని వెనుక నుంచి వస్తున్న రక్తం సంగతి ఏమిటి? పంటకాలువలో తూము మూసుకుపోతే నీరు నిలిచేది తూముకు ఎగువనే కదా. ఎడమ జఠరికకు ఎగువన ఎడమ కర్ణిక ఉంది. దానికి ఎగువన పుపుస సిరలు, వాటికి ఎగువన ఊపిరితిత్తుల్లోని రక్తకేశనాళికలు ఉన్నాయి. వాటిలో ఒత్తిడి పెరుగుతుంది, ద్రవం బయటికి ఊరి గాలి గదుల్లో చేరుతుంది. అందుకే ఆయాసం. వెల్లకిలా పడుకుంటే కాళ్లలోని రక్తం కూడా ఛాతీ వైపు వచ్చి ఆయాసం ఇంకా పెరుగుతుంది. రోగి రాత్రివేళ లేచి కూర్చుంటాడు. నువ్వు వెళ్లి మంచం తలవైపు ఎత్తుతావు, వీపు కింద దిండ్లు పెడతావు.

ఇదే కాగితం మీద ఇంటూ గుర్తును కుడి జఠరిక మీదికి మార్చు. దానికి ఎగువన కుడి కర్ణిక, ఆపైన ఒళ్లంతటి నుంచి వచ్చే పెద్ద సిరలు ఉన్నాయి. కాబట్టి మెడ సిరలు ఉబ్బుతాయి, కాలేయం పెరుగుతుంది, పాదాలు వాస్తాయి. నువ్వు రాసిన ‘కాళ్లు’ అనే జవాబు ఈ రెండో ప్రశ్నకు సరైనదే. రెండు జవాబులు విడివిడిగా బట్టీ పట్టావు కనుక ఒకదాని చోట మరొకటి వచ్చింది. బాణాలు గీసుకున్నవాళ్లకు అవి తారుమారయ్యే వీలే ఉండదు.

చిత్రం గీసేటప్పుడు ఇంకో జాగ్రత్త. పుస్తకంలోని బొమ్మ నీకు ఎదురుగా నిలబడిన మనిషిది. నీ ఎడమ చేతివైపు కనిపించేది అతని కుడివైపు. మొదటి ఏడాది చాలామంది ఇక్కడే పొరపడి, గుండె బొమ్మలో కుడి ఎడమలు మార్చేస్తారు. ప్రతి బొమ్మ మీదా ముందుగా ‘కుడి’, ‘ఎడమ’ అని రాసుకున్న తర్వాతే మిగతా పేర్లు రాయి.

అంకెలు గుర్తుండటం లేదన్నావు. విడివిడిగా చదివితే ఎవరికీ గుర్తుండవు. వాటిని లెక్కగా చేసి చూడు. గుండె ఒక్కసారి ముడుచుకుంటే ఎడమ జఠరిక నుంచి సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం బయటికి వస్తుంది. నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటే 70 ఇంటూ 72, అంటే 5,040 మిల్లీలీటర్లు. నిమిషానికి ఐదు లీటర్లు. పెద్దవాళ్ల ఒంట్లో ఉండే మొత్తం రక్తం కూడా దగ్గర దగ్గర ఐదు లీటర్లే. కాబట్టి మనం కదలకుండా కూర్చున్నా ఒక్క నిమిషంలో ఒంట్లోని రక్తం మొత్తానికి సమానమైన రక్తం గుండె గుండా వెళ్తోంది. ఆ ఐదు లీటర్లలో ఐదో వంతుకు కాస్త పైగా, అంటే ఒక లీటరుకు మించి, రెండు కిడ్నీలకే పోతుంది. అందులో సగానికి కొంచెం ఎక్కువ ప్లాస్మా, అంటే కణాలు పోగా మిగిలే ద్రవం. ఆ ప్లాస్మాలో ఐదో వంతు, నిమిషానికి సుమారు 125 మిల్లీలీటర్లు, కిడ్నీలోని సూక్ష్మమైన వడపోత గొట్టాలైన నెఫ్రాన్ల దగ్గర వడపోతకు గురవుతుంది. రోజుకు 1,440 నిమిషాలు కదా, గుణించి చూడు: 180 లీటర్లు. ఒంట్లో ఉన్న ప్లాస్మా మూడు లీటర్లే అయినప్పుడు 180 లీటర్లు వడకట్టాలంటే అదే ప్లాస్మా రోజుకు 60 సార్లు వడపోతకు రావాలి. చివరికి మూత్రంగా బయటికి పోయేది సుమారు ఒకటిన్నర లీటరు. మిగతా 178 లీటర్లకు పైగా ఎక్కడికి వెళ్లాయి? ఆ ప్రశ్న నీ అంతట నీకు రావాలి. వచ్చాక ‘పునఃశోషణ’ అనే పాఠం చదువు. దాని అవసరం నీకే తెలిసి ఉంటుంది కాబట్టి ఒక్కసారి చదివితే నిలిచిపోతుంది. ఈ లెక్కలో ఒక అంకె మరిచిపోయినా పక్కనున్న అంకెల నుంచి తిరిగి రాబట్టుకోవచ్చు.

నిజానికి రక్తం ఒంట్లో తిరుగుతుందన్న సంగతే ఇలాంటి లెక్కతో బలపడింది. రెండో శతాబ్దపు వైద్యుడు గేలెన్ చెప్పిన ప్రకారం, తిన్న ఆహారం నుంచి కాలేయం రక్తాన్ని తయారుచేస్తుంది, అవయవాలు దాన్ని వాడేసుకుంటాయి. పదిహేను వందల ఏళ్ల దాకా ఐరోపా వైద్యులు చాలావరకు అదే నమ్మారు. ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే మాత్రం, గుండె ఒక్కో దెబ్బకు ఎంత రక్తం పంపుతుంది, అరగంటలో ఎన్నిసార్లు కొట్టుకుంటుంది అని లెక్కగట్టాడు. వచ్చిన మొత్తం ఒంట్లో ఉన్న రక్తం కంటే ఎక్కువ. నీ అంకెలతోనే చూడు, అరగంటకు 150 లీటర్లు. తిన్న తిండి నుంచి అంత రక్తం పుట్టదు. కాబట్టి ఉన్న రక్తమే తిరిగి తిరిగి వస్తుండాలి. 1628లో ఆయన దీన్ని ప్రచురించాడు. ధమనుల నుంచి సిరల్లోకి రక్తం ఏ దారిన వెళ్తుందో మాత్రం ఆయన చూడలేకపోయాడు. ఆయన 1657లో మరణించాడు. నాలుగేళ్ల తర్వాత, 1661లో, ఇటలీ శాస్త్రవేత్త మాల్పిఘి సూక్ష్మదర్శినిలో కప్ప ఊపిరితిత్తిని చూస్తూ రక్తకేశనాళికలను కనిపెట్టాడు. ఈ కథ పరీక్షలో రాదు. అయినా చదువు. ఒక మంచి ప్రశ్న ఎంత దూరం తీసుకెళ్తుందో తెలుస్తుంది.

హార్వే చూపించిన ఒక ప్రయోగం నీ చేతి మీదే చేసుకోవచ్చు. మోచేతికి పైన గుడ్డను ఓ మాదిరి బిగుతుగా కట్టు. ముంజేతిలో సిరలు ఉబ్బుతాయి. పెద్ద పాయలు లేకుండా తిన్నగా సాగిన సిరను ఎంచుకుని, మణికట్టు వైపున ఒక వేలితో నొక్కిపట్టు. రెండో వేలితో అక్కడి నుంచి మోచేతి వైపు ఆ సిరను నిమిరి ఆ వేలు తీసెయ్యి. మొదటి వేలికీ, పైనున్న కవాటానికీ (సిరలో రక్తాన్ని వెనక్కి రానివ్వని తలుపులాంటిది) మధ్య సిర ఖాళీగా అణిగే ఉంటుంది. పై నుంచి రక్తం వెనక్కి దిగదు. నొక్కిన వేలు తీయగానే కింది నుంచి ఒక్కసారిగా నిండుతుంది. ఒక నిమిషంలోపు కట్టు విప్పేయి. రేపు రోగికి సెలైన్ సూది పెట్టేటప్పుడు కట్టు ఎక్కడ కట్టాలి, సూది మొన ఎటువైపు ఉండాలి అన్నవి నీకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అనాటమీని చేత్తో చదవాలి. ఇది నేను గట్టిగా నమ్మే మాట. మెడ కింద రెండు కాలర్ ఎముకల మధ్య గుంట ఉంటుంది. అక్కడ వేలు పెట్టి రొమ్ము ఎముక మీదుగా నెమ్మదిగా కిందికి జరుపు. నాలుగైదు సెంటీమీటర్లు దిగేసరికి అడ్డంగా ఒక గట్టు తగులుతుంది. పుస్తకంలో దాన్నే స్టెర్నల్ యాంగిల్ అన్నారు. ఆ గట్టుకు సరిగ్గా పక్కన అంటుకుని ఉన్నది రెండో పక్కటెముక. మొదటి పక్కటెముక కాలర్ ఎముక చాటున ఉంటుంది, వేలికి సరిగా దొరకదు. అందుకే లెక్క రెండో దాని నుంచే మొదలుపెడతారు. రెండో ఎముక కింది సందు రెండో సందు. అలా దిగుతూ నాలుగో సందుకు రా. గుండె విద్యుత్తును నమోదు చేసే ఈసీజీ పరీక్షలో ఛాతీ మీద అతికించే తీగల్లో, రొమ్ము ఎముకకు కుడి అంచున వీ-1, ఎడమ అంచున వీ-2 పెట్టే చోటు అదే. ఇంకో సందు దిగి, ఎడమ కాలర్ ఎముక మధ్య నుంచి నిలువుగా గీసిన గీత తగిలేచోట ఆగు. వీ-4 చోటు అది. గుండె కొన కొట్టుకోవడం తెలిసేది కూడా సుమారుగా అక్కడే. ఛాతీ బొమ్మను పదిసార్లు చూసే బదులు రెండు రోజులు ఇలా నీ వేళ్లతో లెక్కపెట్టు. ఒప్పుకుంటే, హాస్టల్లో నీ గది స్నేహితురాలి మీద కూడా లెక్కపెట్టి చూడు. ఒక్కో మనిషిలో ఆ గట్టు ఎంత తేడాగా తగులుతుందో తెలుస్తుంది.

పిరుదు మీద ఇంజెక్షన్ ఇచ్చే చోటూ ఇంతే. పై భాగంలో బయటివైపు అని అందరూ బట్టీ పడతారు. ఎందుకు అని అడిగితే చాలామంది ఆగిపోతారు. పిరుదును నాలుగు భాగాలు చేసి, ఒంట్లోకెల్లా లావైన నరం సయాటిక్ నరం ఏ దారిన దిగుతుందో గీసుకో. అది పై బయటి భాగానికి దూరంగా, లోపలివైపు నుంచి కిందికి దిగుతుంది. ఆ గీత ఒకసారి గీసినవాళ్ల చేయి తప్పు చోటికి పోదు.

ఇక మీ అత్తయ్య ప్రశ్న. అది చాలా మంచి ప్రశ్న, నీ పుస్తకంలోని ఏ ప్రశ్న కంటే కూడా. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్నో ఇళ్లను పీడిస్తోంది. అసలు కారణం ఇదేనని ఇప్పటికీ పరిశోధకులు తేల్చలేదు. నీకు మాత్రం ఆ జబ్బులో ఫిజియాలజీ పుస్తకం సగం కనిపిస్తుంది. కిడ్నీ అంటే మూత్రం తయారుచేసే అవయవం అని మాత్రమే చదివితే అత్తయ్యకు జవాబు దొరకదు. కిడ్నీ ఎరిత్రోపాయిటిన్ అనే హార్మోన్‌ను కూడా తయారుచేస్తుంది. అది రక్తంలో ప్రయాణించి ఎముక మజ్జకు చేరి, ఎర్రకణాలు తయారుచేయమని ఆదేశిస్తుంది. ఎర్రకణం ఆయుష్షు 120 రోజులు. పాతవి రోజూ పోతూనే ఉంటాయి. కిడ్నీ దెబ్బతింటే ఆదేశం తగ్గుతుంది, కొత్తవి చాలినన్ని పుట్టవు. రక్తహీనత వస్తుంది. ఒళ్లు పాలిపోతుంది, నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తుంది. డయాలసిస్ యంత్రం వ్యర్థాలను తీయగలదు, ఈ హార్మోన్‌ను తయారుచేయలేదు. అందుకే చాలామంది డయాలసిస్ రోగులకు దాన్ని ఇంజెక్షన్‌గా ఇస్తారు. అత్తయ్యకు ఈ నాలుగు మాటలు చెప్పు. ఆమెకు అర్థమయ్యేలా చెప్పగలిగితే పరీక్షలోనూ రాయగలవు.

అక్కడితో ఆగకు. విటమిన్ డి చివరి మార్పు కిడ్నీలోనే జరుగుతుంది. అది జరగకపోతే పేగులు కాల్షియాన్ని సరిగా పీల్చుకోవు. దాన్నుంచి ఎముకల నొప్పి దాకా బాణాలు నువ్వే గీయి. కిడ్నీ విడుదల చేసే రెనిన్ అనే ఎంజైమ్ దగ్గర మొదలుపెట్టి బీపీ దాకా ఇంకో వరుస గీయి. మీ ఊళ్లో ఎవరింటికి వెళ్లినా చేతిలో పెట్టే కొబ్బరినీళ్లను డయాలసిస్ రోగులు తగ్గించాలని డాక్టర్లు ఎందుకు చెబుతారో ఆలోచించు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. ఎక్కువైన పొటాషియాన్ని బయటికి పంపాల్సింది కిడ్నీ. అది పంపలేకపోతే రక్తంలో పొటాషియం పేరుకుంటుంది, గుండె కండరంలో విద్యుత్ ప్రవాహం దారి తప్పుతుంది, లయ చెడుతుంది. కిడ్నీ పాఠం, నాడీ కణాల పాఠం, గుండె పాఠం మూడూ ఒకే కొబ్బరిబొండాం దగ్గర కలుస్తాయి. అయితే మామయ్య ఏది తినాలి, ఏది తాగాలి అన్నది ఆయన రక్త పరీక్షలు చూసి డాక్టరు చెప్పాల్సిన మాట. నువ్వు కారణం అర్థం చేసుకో, సలహా మాత్రం ఇవ్వకు.

ప్రతిదీ ఇలా ఆలోచనతోనే వస్తుందని మాత్రం అనుకోవద్దు. తలలోని 12 జతల నరాల వరుస, మణికట్టులోని ఎనిమిది చిన్న ఎముకల పేర్లు బట్టీ పట్టాల్సిందే. వాటికి కారణాలు వెతకడం కాలం వృథా. సీనియర్లు చెప్పే పాటలూ పద్యాలూ వాడుకో, తప్పు లేదు. కానీ ఒక నరం పేరు చదవగానే అది దెబ్బతింటే ముఖంలో ఏ భాగం కదలదు, ఏ రుచి తెలియదు, కన్ను ఎటు తిరగదు అన్నది దాని పక్కనే రాసుకో.

తెలుగు మాధ్యమం నుంచి వచ్చానని ఉత్తరంలో చిన్నబుచ్చుకున్నట్లు రాశావు. ఆలోచన తెలుగులోనే సాగనీ. బాణాల వరుస మొత్తం తెలుగులో పైకి చెప్పుకో. అది అతుకు లేకుండా వచ్చాకే ఇంగ్లీషులో రాయి. ఒక బాణానికి ఒక చిన్న వాక్యం చాలు. పొడవైన వాక్యాలు రాయాలని ప్రయత్నించకు, పేపరు దిద్దేవాళ్లు వెతికేది కారణాల వరుస కోసం. పదాల స్పెల్లింగు మాత్రం నిక్కచ్చిగా ఉండాలి. ఇలియమ్ అని పలికే రెండు పేర్లున్నాయి. ఒక స్పెల్లింగుతో రాస్తే చిన్నపేగు చివరి భాగం, మరో స్పెల్లింగుతో రాస్తే తుంటి ఎముక. అక్కడ ఒక్క అక్షరం తేడా వస్తే అవయవమే మారిపోతుంది.

అర్ధరాత్రి దాకా కూర్చోవడం తగ్గించు. చదివిందే మళ్లీ మళ్లీ చదివితే వచ్చేసినట్లు అనిపిస్తుంది, అంతే. పుస్తకం మూసి, గుర్తున్నది తెల్లకాగితం మీద రాసి, తర్వాత తెరిచి సరిచూసుకున్నప్పుడే ఎంత వచ్చిందో తేలుతుంది. తప్పు వచ్చిన చోట ఎర్ర సిరాతో దిద్దు. మర్నాడు అదే ప్రశ్న మళ్లీ రాయి, మూడు రోజుల తర్వాత ఒకసారి, వారం తర్వాత మరోసారి. ఎర్ర సిరా ఎక్కడ తగ్గకుండా ఉంటే ఆ ఒక్క ముక్క పట్టుకుని లెక్చరర్ దగ్గరికి వెళ్లు. ‘ఏమీ అర్థం కాలేదు మేడమ్’ అంటే ఆమె కూడా ఏం చెప్పగలరు? ‘ఈ బాణం నుంచి ఈ బాణానికి ఎలా వెళ్లామో అర్థం కాలేదు’ అంటే రెండు నిమిషాల్లో చెప్పేస్తారు.

ప్రశ్నల పుస్తకాన్ని పారేయనక్కర్లేదు. అందులోని ప్రతి ప్రశ్న కింద నీ చేత్తో ఇంకో ప్రశ్న రాసుకో. ‘క్లోమం విధులు వ్రాయండి’ అని ఉంటే, దాని కింద ‘మధుమేహం ఉన్నవాళ్లకు దాహం ఎందుకు ఎక్కువ?’ అని రాయి. రక్తంలో చక్కెర డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే నెఫ్రాన్ నాళిక దాన్నంతా తిరిగి పీల్చుకోలేదు. అక్కడి నుంచి దాహం దాకా మిగిలిన బాణాలు నీవే. ‘ఎర్రకణాల గురించి వ్రాయండి’ కింద, ‘కొండ ప్రాంతంలో చాలాకాలం ఉన్నవాళ్లలో ఎర్రకణాలు ఎందుకు పెరుగుతాయి?’ అని రాయి. ఈ ప్రశ్నకు జవాబు నీ దగ్గర సగం ఇప్పటికే ఉంది, అత్తయ్యకు చెప్పబోయే మాటల్లో వెతుకు. ‘చర్మం నిర్మాణం’ కింద, ‘ఒళ్లు బాగా కాలినవాళ్లకు సెలైన్ ఎందుకు అంత ఎక్కువగా ఎక్కిస్తారు?’ అని రాయి. ఈ మూడూ ఈ వారంలో పూర్తిచేసి, కాగితాలు తీసుకెళ్లి ఆ సున్నా వేసిన లెక్చరర్‌కే చూపించు.